కథ మొదలుపెట్టే ముందు ప్రణాళిక ఎంతవరకు వేసుకోవాలి?

ప్రశ్న: హంద్రీగట్టు, కర్నూలు

అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు ఏడెనిమిది చిన్న కథలు రాశాను. వాటిలో మూడు అచ్చయ్యాయి. నాలుగేళ్ళుగా ఒక నవల రాయాలని ప్రయత్నిస్తున్నాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి కర్నూలు పాతపట్టణాన్ని ముంచెత్తినప్పుడు మిద్దె మీద చిక్కుకుపోయిన ఒక ఉమ్మడి కుటుంబం కథ అది. అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకునే విషయంలో మాటలు మానేసి ఏడాది దాటింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. అటువంటి వాళ్ళు ఒకే మిద్దె మీద, ఒకే టార్పాలిన్ కింద రెండు రాత్రులు గడపవలసి వస్తుంది.

ఆనాడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంట్లో నీళ్ళు గడప దాటి, కిటికీ దాటి, గోడగడియారం దాకా వచ్చిన సంగతి ఈనాటికీ నా కళ్ళముందే ఉంది. నీళ్ళు తీసిన తర్వాత గోడ మీద మిగిలిన బురద గీతను మా నాన్న చాలాకాలం సున్నం వేయనివ్వలేదు. కనుక విషయం తెలియక ఆగిపోయానని నేను అనుకోవడం లేదు. కథ నడిపించే దగ్గరే ఆగిపోతున్నాను.

మొదటిసారి ఏ ప్రణాళికా లేకుండా, తోచింది తోచినట్టు రాసుకుంటూ పోయాను. ఎనభై పేజీలయ్యేసరికి పాత్రలన్నీ మిద్దె ఎక్కి కూర్చున్నాయి. ఆ తర్వాత వాళ్ళతో ఏమి చేయించాలో తోచక కాగితాలు కట్టగట్టి అటక మీద పెట్టాను. రెండోసారి అందుకు పూర్తిగా విరుద్ధమైన పద్ధతిలో వెళ్ళాను. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు కోసుకుని, ఒక్కో సంఘటన ఒక్కో కార్డు మీద రాసుకున్నాను. సందులోకి నీళ్ళు రావడం, కరెంటు పోవడం, పిల్లలను ఎత్తుకుని మిద్దె ఎక్కడం, పక్కింటి ముసలాయనను నిచ్చెన మీదుగా ఇవతలికి తీసుకురావడం, హెలికాప్టరు నుంచి ఆహార పొట్లాలు పడటం, నీళ్ళు తీయడం, బురద ఎత్తడం, ఇలా మొత్తం ముప్పై ఎనిమిది కార్డులయ్యాయి. వరుస పెట్టి చూసుకుంటే కథ అంతా ఉన్నట్టే అనిపించింది. రాయడానికి కూర్చుంటే అయిదో కార్డు దగ్గరికి వచ్చేసరికి, ఎవరో చెప్పింది ఎత్తిరాస్తున్నట్టుగా ఉండి చేయి సాగలేదు.

ప్రణాళిక లేకపోతే దారి తప్పుతున్నాను. ఉంటే ఆసక్తి చచ్చిపోతున్నది. మీలో నవలలు, పెద్ద కథలు పూర్తి చేసినవారు రాయడానికి ముందు కాగితం మీద ఏమి పెట్టుకుంటారు, ఏమి పెట్టుకోరు? ముగింపు ముందే తెలిసి ఉండాలా? చిన్న కథకు, నవలకు ఈ విషయంలో తేడా ఉంటుందా? దయచేసి మీ అనుభవం చెప్పండి.

జవాబు: ఎర్రనేల, అనంతపురం

హంద్రీగట్టు గారూ, మీ ప్రశ్న చదివి నా మొదటి కథ గుర్తుకొచ్చింది. అందులో నేను చేసిన ఒక తప్పు వల్లనే ప్రణాళిక అంటే ఏమిటో నాకు కొంత అర్థమయింది కనుక అదే చెబుతాను.

శెనక్కాయ పండించే ఇంట్లో భార్యాభర్తల మధ్య జరిగే కథ అది. జులై రెండో వారంలో విత్తనం పడిందని ఒకచోట రాశాను. ఆగస్టు చివర్లో ఆ చేనులోనే భర్త గుంటక (ఎద్దులతో లాగించి కలుపు తీసే పనిముట్టు) తోలుతుండగా ఇద్దరికీ పెద్ద మాటల యుద్ధం జరిగినట్టు రాశాను. ఆ సన్నివేశం బాగా వచ్చిందని చాలా సంతోషపడ్డాను. కథ అచ్చయిన తర్వాత ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. “అయ్యా, యాభై రోజుల పైరులో కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగి ఉంటాయి. అప్పుడు గుంటక తోలితే ఊడలు తెగి కాయే ఉండదు. మీ కథలోని రైతు అంత తెలివితక్కువవాడా?” అని అడిగాడు. రైతు ఇంట్లో పుట్టిన నాకు ఆ మాట తెలియక కాదు. సన్నివేశం మీద ఉన్న ధ్యాసలో తేదీని చూసుకోలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా జిల్లాలో, ఏ వారం వాన పడింది, ఏ వారం ఎగ్గొట్టింది అన్నదాని మీదే ఇంటి కథంతా ఆధారపడి ఉంటుంది. అటువంటి చోట కాలం తప్పితే కథలోని మనిషి కూడా తప్పుతాడు.

అప్పటినుంచి నేను ఏ కథకైనా ముందు ఒక కాలపట్టిక వేసుకుంటాను. పంట కథ అయితే తేదీల బదులు కార్తెలు రాసుకుంటాను. పునర్వసులో విత్తితే స్వాతిలో పీకేదాకా తొమ్మిది కార్తెలు. పెద్ద తెల్లకాగితం అడ్డంగా పెట్టి తొమ్మిది వరుసలు గీసి, ఒక్కో వరుసలో వాన సంగతి, పైరు సంగతి, ఇంట్లో డబ్బు సంగతి రాస్తాను. చివరి గడి మాత్రం మిగతావాటికన్నా వెడల్పుగా వదులుతాను. అందులో రాసేది ఒక్కటే: ఆ కార్తె నాటికి ఎవరికి ఏమి తెలుసు, ఏమి తెలియదు.

ఈ చివరి గడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈమధ్య రాసిన పెద్ద కథలో బెంగళూరులో ఉన్న కొడుకు ఉద్యోగం పోతుంది. సంఘటనల జాబితాలో అది ఒక్క ముక్క. కానీ ఆ సంగతి తల్లికి ఆశ్లేషలో తెలిసింది, తండ్రికి హస్త దాకా తెలియదు అని గడిలో రాసిన మరుక్షణమే నాకు దాదాపు రెండు నెలల కథ దొరికింది. తండ్రి కలుపు కూలికి డబ్బులడిగిన ప్రతిసారీ ఆమె “వచ్చే వారం పంపుతాడంట” అనవలసి వస్తుంది. ఒక్కో వారం ఒక్కో అబద్ధం కష్టమవుతుంది. నేను కొత్త సంఘటన ఒక్కటీ కల్పించలేదు. తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఉన్న దూరమే కథను నడిపింది.

ఇక ప్రణాళికలో నేను ఎన్నడూ పెట్టనివి రెండున్నాయి: మాటలు, సన్నివేశంలోని చేష్టలు. ఆ తల్లి మొదటి అబద్ధం ఆడే ముందు చాటలో రాగులు చెరుగుతున్న చేతిని ఆపి, లేని రాయి ఒకటి ఏరి పారేసింది. అది రాసేటప్పుడు వచ్చింది. ముందే పట్టికలో రాసుకుని ఉంటే ఆ పూట నాకు రాయడానికి ఏమీ మిగిలేది కాదు. మీ ముప్పై ఎనిమిది కార్డుల మీద సన్నివేశాలు కూడా పూర్తిగా రాసుకున్నారేమో, ఒకసారి చూసుకోండి.

జవాబు: పెన్నొడ్డు పంతులమ్మ, ప్రొద్దుటూరు, కడప జిల్లా

ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదానిని. నేను రాసినది తక్కువ. చదివినది, చదివించినది ఎక్కువ. ఎర్రనేల గారు చెప్పిన కాలపట్టిక చాలా ఉపయోగకరమైనదే కానీ, హంద్రీగట్టు గారి చిక్కు అంతకన్నా ముందే మొదలయిందని నాకు అనిపిస్తున్నది.

నాయనా, మీరు రాసిన కార్డుల పేర్లు మరొక్కసారి చదవండి. సందులోకి నీళ్ళు వచ్చాయి, కరెంటు పోయింది, పొట్లాలు పడ్డాయి, నీళ్ళు తీశాయి. ఈ పనులన్నీ ఎవరు చేశారు? నది చేసింది, ప్రభుత్వం చేసింది. మీ అన్నదమ్ములు ఏమి చేశారు? ముసలాయనను ఇవతలికి తీసుకురావడం తప్ప, ఒక మనిషి చేయదలచుకుని చేసినది, చేయకుండా ఉండగలిగీ చేసినది ఒక్కటీ నాకు కనిపించలేదు. మొదటిసారి ఎనభై పేజీల దగ్గర ఆగినదీ, రెండోసారి అయిదో కార్డు దగ్గర ఆగినదీ ఒకే కారణం వల్లనేమో ఆలోచించండి. ప్రణాళిక లేనప్పుడు లేనిదే ప్రణాళిక వేసినప్పుడూ లేదు.

మన పూర్వులు నాటకం గురించి చెప్పిన అర్థప్రకృతులు, అంటే కథను ఫలితం దాకా నడిపించే మూలాంశాలు, అయిదు: బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం. ఇవి పరీక్షకోసం బట్టీపట్టి మరిచిపోయే మాటలుగా మిగిలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే రాసేవాడికి ఇవి చేతికి అందే పనిముట్లు. చివరిదైన కార్యం ముందు తేలాలి. అంటే కథ అంతా దేనికోసమో, ఎవరు దేన్ని సాధించాలనో తేలాలి. మొదట చిన్నగా, దాదాపు కనిపించనంతగా నాటి, పోనుపోను విస్తరించేది బీజం. మధ్యలో వేరే విషయాలు అడ్డుపడి అసలు కథ తెగిపోయినట్టున్నప్పుడు దాన్ని మళ్ళీ కలిపేది బిందువు. నీటిమీద వేసిన నూనెచుక్క ఎలా పరుచుకుంటుందో అలా పరుచుకుంటుంది కనుక దానికి ఆ పేరు అన్నారు. మీ నవలలో వరద బీజం కాలేదు. వరద అందరికీ ఒకేలా వచ్చింది. ఈ ఇంటికే ప్రత్యేకమైనది, వరదకు ముందే ఇంట్లో ఉన్నది ఏదో అదే బీజం అవుతుంది. పంపకాల తగాదా అని మీరే అన్నారు. అయితే ఆ తగాదా ఒక వస్తువుగా, ఒక పనిగా ఎక్కడ కనిపిస్తుంది?

ముందస్తు ప్రణాళిక కల్పనను చంపుతుందని భయపడేవారికి నేను చెప్పే ఉదాహరణ మన సీమదే. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయం ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. మొదట్లో ఎక్కడో ఒక మాటగా దొర్లిపోయిన పేరుకు అర్థం ఎన్నో మలుపుల తర్వాత గానీ తెలియదు. ముందు జరిగినది వెనుక, వెనుక జరిగినది ముందు చెబుతూ, చివరికి ఏ పోగూ తెగకుండా కలుపుతాడు. మొత్తం మనసులో అమర్చుకోకుండా అలా రాయడం సాధ్యమని నేను నమ్మలేను. అయినా పద్యం దగ్గర ఎక్కడా ఎత్తిరాసినట్టు ఉండదు. ఆయన అమర్చుకున్నది కథ. పద్యంలోని పలుకు అప్పటికప్పుడు పుట్టినదేనని నా నమ్మకం.

ఒక చిన్న పని చేయండి. మీ కార్డులను వరుసగా పరిచి, రెండేసి కార్డుల మధ్య “కనుక” అని గానీ “అయినా” అని గానీ పెట్టి చదవండి. ఏ రెండింటి మధ్య “ఆ తర్వాత” తప్ప మరేదీ ఇమడదో అక్కడ కథ లేదని గుర్తు పెట్టుకోండి.

జవాబు: కేసీ కాలువ, కర్నూలు

పంతులమ్మ గారి మీద గౌరవంతోనే ఒక మాట విభేదిస్తాను. నేను ప్రణాళిక లేకుండానే రాస్తాను, పూర్తి చేస్తాను కూడా. అయితే నేను రాసేవి పది పన్నెండు పేజీల కథలు. వారం రోజుల్లో చిత్తుప్రతి అయిపోతుంది. బాగా లేకపోతే పారేసి మళ్ళీ రాస్తాను, పోయేది వారమే. నవలలో ఎనభై పేజీలు పారేయాలంటే ఏడాది పోతుంది. మీరడిగిన తేడా ప్రధానంగా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. చిన్న కథకు చిత్తుప్రతే ప్రణాళిక కాగలదు. నవలకు ఆ సౌకర్యం లేదు.

కానీ నేను కూడా ఒక ప్రణాళిక వేస్తాను. అది చిత్తుప్రతి పూర్తయిన తర్వాత వేస్తాను. రూళ్ళ నోటుబుక్కులో కుడిపేజీ మీదే కథ రాసి ఎడమపేజీ ఖాళీగా ఉంచుతాను. రెండు రోజులాగి, ఒక్కో సన్నివేశం ఎదురుగా ఎడమవైపు ఒకే ఒక వాక్యం రాస్తాను: ఈ సన్నివేశం తర్వాత ఏమి మారింది? మొన్న ఒక కథలో తొమ్మిది సన్నివేశాలుంటే మూడింటి ఎదురుగా “కోడలికి అత్త మీద కోపం పెరిగింది” అనే రాయవలసి వచ్చింది. రెండు కొట్టేశాను. రాసేటప్పుడు ఆ మూడూ వేరువేరుగానే అనిపించాయి, ఎందుకంటే ఒకటి వంటింట్లో, ఒకటి బస్టాండులో, ఒకటి పెళ్ళిలో జరిగింది.

కనుక హంద్రీగట్టు గారూ, అటక మీదున్న ఆ ఎనభై పేజీలు దించండి. వాటిని వృథా అనుకోకండి. ప్రణాళిక లేనప్పుడు మీ చేయి తనంతట తాను ఏ పాత్ర వైపు వెళ్ళిందో, ఎవరి దగ్గర ఎక్కువసేపు ఆగిందో ఆ పేజీల్లో ఉంటుంది. కార్డులలో అది దొరకదు.

జవాబు: హంద్రీగట్టు, కర్నూలు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. జవాబు రాయడానికి పన్నెండు రోజులు తీసుకున్నందుకు క్షమించండి. మీరు చెప్పినవన్నీ చేసి చూశాకే రాయాలనుకున్నాను.

ముందు పంతులమ్మ గారు చెప్పినట్టు కార్డులు నేలమీద పరిచాను. ముప్పై ఎనిమిదింటిలో ఇరవై తొమ్మిది కార్డుల్లో పని చేసేది నీళ్ళే. మిగిలిన తొమ్మిదిలో కూడా ఆరు ప్రాణం కాపాడుకోవడానికి ఎవరైనా చేసే పనులు. నాకు నోట మాట రాలేదు. శ్రీశైలానికి ఆ వరదలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందని, అక్కడ పూర్తి నీటిమట్టం 885 అడుగులని, ఇటువంటి లెక్కలన్నీ సేకరించి పెట్టుకున్నాను. ఇంట్లో వాళ్ళకు ఏమి కావాలో మాత్రం రాసుకోలేదు.

తర్వాత అటక మీది పేజీలు దించాను. అందులో నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి దొరికింది. అన్న ఇంటి పత్రాలు పెట్టిన బీరువా గురించి నేను ఆరుచోట్ల రాశాను. తాళంచెవి అన్న మొలతాడుకు ఉంటుందని, తలుపు పైభాగంలో అద్దం పగిలి ఉంటుందని, వరదలో బీరువా తేలి గోడకు కొట్టుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తుందని రాసి, ప్రతిసారీ వదిలేశాను. ఎందుకు రాశానో అప్పుడు నాకు తెలియదు.

చివరికి ఎర్రనేల గారి పట్టిక గీశాను. నాకు కార్తెలు పనికిరావు కనుక సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 5 దాకా రోజుకు నాలుగు గడులు పెట్టుకున్నాను. “ఎవరికి ఏమి తెలుసు” అన్న గడి నింపుతూ తమ్ముడి దగ్గర ఆగిపోయాను. అతనికి మాత్రమే తెలిసినది ఏముంటుంది అని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఆ బీరువాలో పత్రాలు లేవని అతనికి తెలుసు. రెండు నెలల కిందటే అన్న స్నానానికి వెళ్ళినప్పుడు తాళంచెవి తీసుకుని, పత్రాలు బయటికి తెచ్చి, ఒక వడ్డీవ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాడు. ఇప్పుడు మిద్దె మీద చీకట్లో అన్న లేచి, “పత్రాలు తడిస్తే ఇల్లే పోతుంది, దిగి తెస్తాను” అంటున్నాడు. మెట్ల మీద నీళ్ళు నాలుగో మెట్టు దాకా ఉన్నాయి. దిగవద్దని తమ్ముడు అనాలంటే కారణం చెప్పాలి.

ఇది దొరికినప్పటినుంచి కార్డుల మధ్య “కనుక” దానంతటదే వచ్చి కూర్చుంటున్నది. పక్కింటి ముసలాయన కార్డుకు కూడా కారణం దొరికింది. తాకట్టు కాగితం మీద సాక్షి సంతకం ఆయనదే. ముప్పై ఎనిమిదింటిలో పదిహేడు కార్డులు తీసేశాను.

ఒక్క సందేహం మిగిలింది. తమ్ముడు నిజం చెబుతాడా, అన్నను దిగనిస్తాడా? ఇది ముందే తేల్చుకోవాలా?

జవాబు: పెన్నొడ్డు పంతులమ్మ, ప్రొద్దుటూరు

తేల్చుకోవాలి నాయనా. అది తేలకపోతే రెండు నెలల కిందటి దొంగతనాన్ని ఏ బరువుతో రాయాలో మీకు తెలియదు. అయితే అతను ఏ మాటలతో చెబుతాడన్నది, లేదా చెప్పకుండా ఎటు చూస్తాడన్నది రాసుకోకండి. సాక్షి సంతకం ముసలాయనదే కావడం చాలా బాగుంది. కానీ ఆయనకు కూడా నోరు ఉంటుంది కదా. ఆయన ఆ మిద్దె మీదే ఉండగా తమ్ముడు ఒక్కడే మౌనంగా ఉంటే సరిపోదు. ఆ గడి కూడా నింపండి.

జవాబు: కేసీ కాలువ, కర్నూలు

నేనైతే తేల్చుకోకుండానే మెట్ల సన్నివేశం దాకా రాసి చూసేదాన్ని. కానీ ఇది నవల, పైగా మీరు రెండుసార్లు ఆగిపోయి ఉన్నారు. ఈసారికి పంతులమ్మ గారి మాటే వినండి. ఒకవేళ అక్కడికి చేరాక తమ్ముడు మీరు తేల్చినదానికి భిన్నంగా చేస్తే అతనినే నమ్మండి, వెనక్కి వెళ్ళి పట్టిక దిద్దుకోండి.

జవాబు: ఎర్రనేల, అనంతపురం

ఒక చిన్న హెచ్చరిక మాత్రం చేస్తాను. ఇనుప బీరువా నీళ్ళలో నిజంగా తేలుతుందో లేదో, తేలితే ఎంత లోతు నీటిలో కదులుతుందో అప్పట్లో పాతపట్టణంలో ఉన్నవారిని ఇద్దరు ముగ్గురిని అడగండి. ఆ చప్పుడు మీద కథ ఇంత నిలబడుతున్నప్పుడు అది తప్పకూడదు.

జవాబు: హంద్రీగట్టు, కర్నూలు

మా నాన్ననే అడిగాను. మా ఇంట్లోని బట్టల బీరువా తేలలేదట. వెల్లకిలా పడి తలుపు తెరుచుకుందట. తేలినవి చెక్కపెట్టె, గ్యాస్ బండ. కనుక పత్రాలను బీరువా నుంచి మా నాయనమ్మ కాలం నాటి చెక్కపెట్టెలోకి మార్చాను, తాళంచెవి మాత్రం అన్న మొలతాడుకే ఉంచాను. ముసలాయన గడి నింపాను. తమ్ముడి సంగతి నిన్న రాత్రి తేల్చుకున్నాను. ఈ తెల్లవారుజామున మొదటి పేజీ రాశాను. సెప్టెంబరు 29 సాయంత్రం, వాన ఇంకా మొదలు కాకముందు, అన్న స్నానానికి వెళుతూ మొలతాడు తడుముకోవడంతో మొదలవుతుంది.